లాకోనికంలో బాలింత

నేను పాఠాలు చెప్పేది చరిత్ర. కానీ రోమన్ల గురించి నేను ఇన్నేళ్ళలో చెప్పిందంతా కలిపినా ఒక పీరియడ్ నిండదు. రోడ్లు వేశారు, రాజ్యాలేలారు, కూలిపోయారు, ఇక తర్వాతి పాఠం తియ్యండి, అంతే. వాళ్ళు స్నానాలెలా చేసేవారో నాకు తెలియదు, తెలుసుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు. అలాంటి నాకు లాకోనికం అనే లాటిన్ మాట తగిలింది చోడవరంలో, మా పుట్టింటి వెనకగదిలో, మే నెల మిట్టమధ్యాహ్నం. అప్పుడు నా చెవుల్లో దూది, తలకి తువ్వాలు, నడుముకి పాత చీరతో బిగించిన కట్టు, మంచం కింద నిప్పుల కుంపటి ఉన్నాయి. ఒళ్ళో ఉండాల్సిన నా కూతురు ముందుగదిలో ఫ్యాను కింద మా అమ్మ ఒళ్ళో ఉంది. దానికైనా ఆ అదృష్టం దక్కింది.

బాలింతకి ఫోను నిషేధం. చూస్తే కళ్ళు లాగేస్తాయట. దిండు కింద దాచుకుని దొంగతనంగా చూసేదాన్ని. మనుషుల్ని వేడిగదిలో పడేసి చెమటలు కక్కించే శిక్ష ప్రపంచంలో ఇంకే దేశంలోనైనా ఉందేమో, ఉంటే ఏ నేరానికి వేస్తారో చూద్దామని వెతికాను. శిక్ష కాదట, భోగమట! పాత రోమన్ల స్నానశాలల్లో లాకోనికం అని ఒక చిన్న గుండ్రటి గది ఉండేదట. పేరుకి స్నానశాలేగానీ ఆ గదిలో చుక్క నీళ్ళుండవు. వట్టి పొడి వేడి. దొరలు లోపలికి వెళ్ళి కూర్చుని చెమట పట్టించుకోవడం, ఆహా ఓహో అనుకోవడం. కప్పులో నడిమధ్య ఒక కన్నం, దాని దగ్గర గొలుసులతో వేలాడే కంచు మూత. మూతని ఎత్తీ దించీ వేడిని ఎక్కువా తక్కువా చేసేవారట.

అది చదివేసరికి నాకు ఒళ్ళు మండింది. మండడానికి ఇంకా ఏం మిగిలిందని అడక్కండి, మండింది. అన్ని వందల ఏళ్ళ కిందటి వాళ్ళకే గదికి ఒక కన్నం ఉండాలన్న ఇంగితం ఉంది. మా వెనకగదికి ఉన్న ఒకే ఒక్క వెంటిలేటర్లో మా అమ్మమ్మ పాత లంగా ఒకటి కుక్కి మూసేసింది.

మా అమ్మమ్మది రావికమతం దగ్గర పల్లెటూరు. నాకు నొప్పులొస్తున్నాయని ఫోను వెళ్ళగానే షేర్ ఆటోలో డ్రైవరు పక్కన కూర్చుని దిగిపోయింది. వెంట ఒక గోనెసంచీ. అందులో మట్టి కుంపటి, బొగ్గులు, వేణ్ణీళ్ళలో వెయ్యడానికి వాయిలాకు, వెల్లుల్లి, తెలగపిండి, ఎండు సొరచేప ముక్కలు. ఆ సంచీ పక్కన కూర్చుని వచ్చిన మిగతా ప్రయాణికుల మీద నాకు ఇప్పటికీ జాలే. పుట్టింది ఆడపిల్లో మగపిల్లాడో అడగలేదు. "బాలింతకి గదేది?" అని అడిగింది.

వెనకగదిని చూపించగానే స్వాధీనం చేసుకుంది. కిటికీ రెక్కలు వేసి మేకు కొట్టింది. వెంటిలేటర్లో లంగా కుక్కింది. ఆస్పత్రిలో నా చేతికి సూది పెట్టి అతికించగా మిగిలిన ప్లాస్టరు నా సంచీలో కనపడితే తీసి ఫ్యాను స్విచ్చి మీద అడ్డంగా అతికించింది. పురుడు తీరేదాకా మగవాళ్ళెవరూ గుమ్మం దాటకూడదంది. విశాఖపట్నం నుంచి ఆదివారం వచ్చిన మా ఆయన గుమ్మం అవతల నిలబడే చొక్కా తడిపేసుకుని, "నువ్వు చాలా గ్రేట్" అనేసి నాలుగు గంటల బస్సుకే వెళ్ళిపోయాడు.

వేడి ఒకటైతే ఎలాగో పళ్ళు బిగబట్టేదాన్ని. కానీ మంచినీళ్ళు ఇచ్చేది కాదు. పూటకి ఒక బుల్లి గ్లాసుడు, అవీ శొంఠి వేసి మరగకాచినవి. కారప్పొడితో అన్నం, తెలగపిండి కూర, వెల్లుల్లి. వీటన్నిటి మీదా ఆ గ్లాసుడు నీళ్ళు.

"అమ్మమ్మా, దాహమేస్తంది."

"ఏస్తాదే. ఏసినప్పుడల్లా తాగీడానికి నువ్వేటి గేదివా? బాలింతవి. నీళ్ళు తాగితే పొట్టొచ్చీసి, నీ మొగుడు సూసి మల్లీ కడుపేమో అనుకుంటాడు."

"అనుకోనీ."

"ఓలమ్మో, దీని నోరు సూడండర్రా. సెమట పట్టాల. పడితే ఒంట్లో సెడ్డంతా పోద్ది. తొంగో."

పక్కనే మా అమ్మ నిలబడి వింటుంది. ఇక్కడ మా అమ్మ ఉద్యోగం సంగతి చెప్పాలి, చెప్పకపోతే నా కడుపుమంట మీకు అర్థం కాదు. మా అమ్మ అంగన్వాడీ టీచరు. గర్భిణులకీ బాలింతలకీ గుడ్లూ పాలూ ఇచ్చి, ఏం తినాలో ఏం తాగాలో చెప్పడమే ఆవిడ పని. "నీళ్ళు బాగా తాగాలమ్మా, పాలు పడతాయి" అని ఎన్ని ఇళ్ళ గుమ్మాల్లో నిలబడి చెప్పిందో. నలుగుర్ని కూర్చోబెట్టి గడగడా మాట్లాడే మనిషి తన తల్లి ముందు మాత్రం నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నట్టు ఉండిపోతుంది. నేను కళ్ళతో బతిమాలితే తలుపు మూసి వెళ్ళిపోయేది.

ఇదంతా నవ్వుకుంటూ రాస్తున్నాను గానీ అప్పుడు నవ్వు రాలేదు. నా కూతురికి పాలు చాలడం లేదు. ఎంతసేపు పట్టినా దాని కడుపు నిండేది కాదు. చప్పరించి చప్పరించి విసిగిపోయి, మొహం ఎర్రగా చేసుకుని ఏడ్చేది. కాసేపటికి ఏడవడానికీ ఓపిక లేక నిద్రపోయేది. అది చూస్తే నా ప్రాణం పోయేది. నేను చేతకానిదాన్ననిపించేది. కన్నాను గానీ కడుపు నింపలేకపోతున్నాను, ఎందుకొచ్చిన అమ్మనని కుమిలిపోయేదాన్ని.

ఆస్పత్రికి తీసుకెళితే నర్సమ్మ పిల్లని కాటా మీద పడుకోబెట్టి పెదవి విరిచింది. పుట్టినప్పటి బరువు కన్నా తగ్గిందట. డాక్టరమ్మ నా నాలుక చూసింది. నా మొహం చూసింది. "ఏమ్మా, నీళ్ళు తాగుతున్నావా?" అంది. నేను అమ్మమ్మ వైపు చూశాను. అమ్మమ్మ గోడ మీది పిల్లల క్యాలెండరు వైపు చూసింది.

"బాగా నీళ్ళు తాగు, గాలి ఆడే గదిలో పడుకో. సోమవారం మళ్ళీ తీసుకురండి. అప్పటికీ బరువు పెరక్కపోతే డబ్బాపాలు మొదలుపెడదాం" అని పంపేసింది.

ఆటోలో అమ్మమ్మ దారంతా సణుగుతూనే ఉంది. "డబ్బాపాలంట. ఆ గుంటకి పెళ్ళయిందో లేదో, మనకి సెప్తంది. ఒళ్ళు సరిగ్గా కాగట్లేదు, అందుకే పాలు పడట్లేదు." ఇంటికి రాగానే కుంపట్లో ఇంకో రెండు దోసిళ్ళ బొగ్గులు వేసింది. సొరచేప ముక్క పెద్దది వండింది. నీళ్ళ గ్లాసు మాత్రం పెద్దది కాలేదు.

చివరికి మా ఇంట్లో బుర్ర పనిచేసింది మా నాన్నకి. రిటైరైన లెక్కల మాస్టారు. జీవితంలో ఆయన భయపడింది ఇద్దరికే, ఒకరు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చే డీఈవో, రెండోది వాళ్ళత్తగారు. డీఈవో బెడద తీరిపోయింది. కిటికీ సందులోంచి నేను ఆయనకి లాకోనికం సంగతి గుసగుసగా చెప్పాను. ఆ కన్నం, ఆ గొలుసులు, ఆ మూత అన్నీ విని, "ఒంట్లోంచి పోయేది ఎక్కువ, లోపలికెళ్ళేది తక్కువ. ఇంక పాలు ఎక్కణ్ణించి వస్తాయమ్మా? ఇది ఐదో తరగతి లెక్క" అన్నారు.

అమ్మమ్మ భోంచేసి ముందుగదిలో నడుం వాల్చినప్పుడు ఆయన పెరట్లో స్టూలేసుకుని ఎక్కేవారు. బయటి నుంచి వెంటిలేటరు తలుపు నెట్టి, లంగా లాగేసి, బట్టలారేసే తాడుకి వాటర్ బాటిల్ కట్టి లోపలికి దించేవారు. దేవుడు దిగొచ్చినా నేనంత భక్తిగా చేతులు చాచి ఉండను. గటగటా తాగి ఖాళీ బాటిల్ తిరిగి కట్టేదాన్ని. ఆయన పైకి లాగేసుకుని, లంగా మళ్ళీ ఎప్పట్లాగే కుక్కేసి, ఏమీ ఎరగనట్టు పేపరు చదువుకోవడానికి వెళ్ళిపోయేవారు. ఇంత చదువుకున్న ఇద్దరం దొంగల్లా నీళ్ళు తాగాల్సొచ్చింది.

రెండు మధ్యాహ్నాలు బాగానే గడిచాయి. మూడో మధ్యాహ్నం అమ్మమ్మ కుంపటిని కొత్త బొగ్గులేయడానికి మంచం కింద నుంచి వెంటిలేటరున్న గోడ వైపుకి లాగి, బొగ్గుల కోసం వంటింట్లోకి వెళ్ళింది. ఆవిడ పడుకోవడానికే వెళ్ళిందని నేను కిటికీ మీద టకటకమని సైగ చేశాను. బాటిల్ దిగుతోంది. నేను మంచం మీంచి లేచేలోగా నాన్న వేసిన ముడి జారిపోయింది. మూత సరిగ్గా బిగించని బాటిల్ నేరుగా కుంపట్లో పడింది.

బుస్సుమని లేచింది చూడండి! గదంతా ఆవిరి, బూడిద, పొగ. పొడి గది కాస్తా తడి గది అయిపోయింది. రోమన్లకి అలాంటి గది కూడా వేరే ఉండేదట, దాని పేరు వెతికే ఓపిక నాకు లేదు. దగ్గుతూ తలుపు తీసేసరికి ఎదురుగా బొగ్గుల పళ్ళెంతో అమ్మమ్మ. పైన వెంటిలేటర్లోంచి మా నాన్న చెయ్యి మోచేతి వరకూ లోపలే ఉంది, వేళ్ళ మధ్య వట్టి తాడు ఊగుతోంది.

"బాబూ, అదేటి?" అంది అమ్మమ్మ.

"ఏం లేదత్తా. బూజు దులుపుతన్నాను" అంది చెయ్యి.

అల్లుణ్ణి ఏమీ అనకూడదు. కాబట్టి అమ్మమ్మ మా అమ్మని పిలిచి అరిచింది. "ఇల్లంతా ఏకమైపోయి నా కళ్ళు కప్పేరా? దీనికి నడుంనొప్పొస్తే మీరు పడతారా? వాతం సేస్తే మీరు సూస్తారా?"

నాకిక తిక్క రేగిపోయింది. చెవుల్లో దూది పీకి విసిరేశాను. "నా పిల్ల ఎండిపోతంది ఇక్కడ! నీకు నా పొట్ట గురించా బెంగ? నువ్వు మాత్రం ఇలాగే పడుకున్నావేటి? నీ పురుళ్ళప్పుడు నిన్నెవులు కాల్చేరు ఇలాగ?"

అమ్మమ్మ పళ్ళెం కింద పెట్టింది.

"నన్నెవులు కాలుస్తారే? నాకెవులేసేరు కుంపటి?" అంది. అరవలేదు. "మీ యమ్మ పుట్టిన మూడోనాటికి సెరుకు నరకడానికెల్లిపోయేను. దీన్ని గట్టు మీద గోనెగుడ్డేసి తొంగోబెట్టీదాన్ని."

"మరి ఇవన్నీ నీకెలా తెలుసు?"

"కామందు గారి కూతురికి సేస్తే సూసేను. ఆయమ్మకి నిప్పులు మోసింది నేనే. గుమ్మం కాడెట్టీసి ఎల్లిపోవాల, లోపలికి రానిచ్చీవోరు కాదు. గుమ్మం కాడినుంచే సూసీదాన్ని. ఆయమ్మ మంచమ్మీద కదలకుండా తొంగుంటే, ఒకర్తి కాళ్ళొత్తీది, ఒకర్తి సాంబ్రాణేసీది. నా కూతురికి పురుడొస్తే ఇలగే సెయ్యాలనుకున్నాను. మీ నాన్నకి అప్పుడెక్కడో దూరం ట్రాన్స్‌ఫరు. అద్దెగది. ఆ ఇంటామె పొగెట్టనిచ్చింది కాదు. సర్లే, దీనికైనా సేద్దారని..." ఆగిపోయింది. "నా సేతనైంది సేత్తన్నానే."

నాకు ఏడుపొచ్చింది. కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు. ఆవిడ నన్ను కాలుస్తోందనుకున్నాను గానీ, తను ఎప్పుడూ ఎక్కని మంచం మీద నన్ను ఎక్కించి రాణిని చేస్తోందని నాకేం తెలుసు? కళ్ళనిండా ఏడుద్దామంటే దానికి సరిపడా నీళ్ళు కూడా ఒంట్లో లేవు.

"అయితే ఇప్పుడు నువ్వు తొంగో" అన్నాను.

"సీ! కాటికెల్లే ముందు నాకు పురుడేటే?"

అప్పుడు మా అమ్మ నోరు విప్పింది. ఆవిడ తన తల్లికి పని చెప్పడం నేను అదే మొదటిసారి వినడం. "తొంగోమ్మా. నేను సేస్తాను" అంది.

అమ్మమ్మ రెండుసార్లు కాదంది, మూడోసారి గట్టిగా అనలేదు. మా అమ్మ వాయిలాకు నీళ్ళు కాచి ఆవిడకి తలంటింది. జుట్టుకి సాంబ్రాణి పట్టింది. నడుముకి కట్టు కట్టింది. తడిసిన కుంపటిని తుడిచి కొత్త నిప్పులు పోసి మంచం కింద పెట్టింది. పడుకున్నావిడ ఊరికే ఉంటుందా? "సెవిలో దూది ఇంకొంచెం ఎట్టవే. ఆ కట్టేటి, వదులుగా ఉంది. కాళ్ళొత్తవే, వట్టి సేతుల్తో కాదు, ఆముదం రాసుకుని." పనివాళ్ళ మీద అధికారం చెలాయించడం ఆవిడకి పుట్టుకతో వచ్చినట్టే ఉంది. చెయ్యడానికే ఎవరూ దొరకలేదు.

నేను గుమ్మంలో కుర్చీ వేసుకుని పిల్లని ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నాను. డాక్టరమ్మ మాట నెపంగా పెట్టి నాన్న వెంటిలేటరు తలుపు తెరిచే ఉంచారు. అమ్మమ్మ నుదుటి మీద చెమట పట్టింది, మెడ మీద పట్టింది, ముడతల్లోంచి ధారలు కట్టింది. కళ్ళు మూసుకుని, "అబ్బా, హాయిగుందే. ఆయమ్మ ఇందుకే నవ్వుతా ఉండీది" అంది. అంత సుఖంగా ఉండగా ఆవిణ్ణి నేనెన్నడూ చూడలేదు. ఏ రోమన్ దొరా అంత దర్జాగా చెమట కార్చి ఉండడు. వాళ్ళెవరూ దాని కోసం నిప్పులు మోసి ఉండరు మరి.

కాసేపటికి మాటలు తగ్గాయి. పెదాలు తడుపుకుంది. అటు తిరిగింది, ఇటు తిరిగింది.

"ఒసే," అంది మా అమ్మతో, "గుక్కెడు నీళ్ళియ్యి."

మా అమ్మ కాళ్ళొత్తడం ఆపలేదు. "బాలింతకి నీళ్ళేటమ్మా? పొట్టొచ్చీయదా?"

నేను పగలబడి నవ్వాను. బయట నాన్న కూడా నవ్వడం వినపడింది. అమ్మమ్మ నవ్వలేదు.

"నిజంగానే. గొంతెండిపోతందే. ఇయ్యి."

మా అమ్మ లేచి చెంబుతో నీళ్ళు తెచ్చింది. అమ్మమ్మ చేతులాన్చుకుని లేచి కూర్చుంది. చెంబు నోటి దాకా తీసుకెళ్ళి ఆపేసింది. నా వైపు చూసింది. నా ఒళ్ళో, చప్పరించీ చప్పరించీ విసిగి నిద్రపోయిన పిల్లని చూసింది. చెవిలోంచి దూది తీసేసింది.

"దీనికి ఇంత దాహమేసిందా ఇన్నాళ్ళూ?" అని మా అమ్మని అడిగింది.

మా అమ్మ తలూపింది.

"నాకు తెల్దే," అంది. "గుమ్మం కాడినుంచి సూస్తే దాహం కనపడదు కదే."

చెంబు నా వైపు చాచింది. "ముందు నువ్వు తాగు."

నేను తాగాను. చెంబు అంచు పళ్ళకి కొట్టుకుంది, నడుము కట్టు తడిసింది, అయినా ఆపకుండా మొత్తం తాగేశాను. మా అమ్మ మళ్ళీ నింపి తెచ్చాక గానీ ఆవిడ తాగలేదు.

ఆ తర్వాత ఏర్పాట్లన్నీ అమ్మమ్మే మార్చింది. అలాంటివి ఆవిడ ఎవరికీ వదలదు. నన్ను ముందుగదిలోకి మార్చి ఫ్యాను ఒకటిలో పెట్టించింది. రెండులో పెడితే వాతమట. నా మంచం పక్కన బిందె పెట్టి, నేను గ్లాసు ముంచకుండా పావుగంట దాటితే, "తాగవే, ఏటి సూస్తన్నావు" అని కసిరేది. వెనకగది మాత్రం ఖాళీ చెయ్యలేదు. పొద్దున్నే వేణ్ణీళ్ళు పోయించుకుని, కుంపటి పెట్టించుకుని, పక్కన చెంబుడు నీళ్ళతో మధ్యాహ్నం దాకా దర్జాగా తొంగునేది. మా నాన్న స్టూలు కూడా పెరట్లోంచి తియ్యలేదు. "బాబూ, ఆ తలుపు కొంచెం తియ్యి" అని లోపలి నుంచి పిలుపొస్తే ఎక్కేవారు.

సోమవారం ఆస్పత్రికి వెళుతుంటే తనూ వస్తానంది. కాటా మీద పిల్లని పడుకోబెట్టారు. ముల్లు ఊగి ఊగి నిలబడింది. నర్సమ్మ మళ్ళీ వంగి చూసి, నవ్వింది.

"పెరిగిందమ్మా! బాగానే పెరిగింది. డబ్బాపాలు అక్కర్లేదు. ఏం చేశారు?"

పిల్లని లాక్కుని గుండెకి హత్తుకున్నాను. జవాబు అమ్మమ్మే చెప్పింది.

"కుంపటెట్టేమమ్మా."

నర్సమ్మ మొహం మారిపోయింది. "ఎండాకాలంలో బాలింతకి కుంపటా? ఎంత చెప్పినా మీ ముసలాళ్ళకి తలకెక్కదా?"

"దానికెందుకెడతాం? దానికి బిందెడు నీళ్ళిచ్చేం" అంది అమ్మమ్మ. "కుంపటి నాకెట్టేరు."

నర్సమ్మ ఆవిడ తెల్లజుట్టు వైపు, నా వైపు, మళ్ళీ ఆవిడ వైపు చూసింది. "మీకెందుకండీ?"

అమ్మమ్మ పమిట సర్దుకుంది.

"నేనూ కన్నానమ్మా" అంది.